అచ్చంపేట సీమ వానలెక్క

వర్షపాతమునుగూర్చి ప్రభుత్వమువారు ప్రకటించు పట్టికలలో ప్రతి జిల్లాకును ఒక అంకె యుండును. పూర్వపు మహబూబునగరు జిల్లాకు ఆ అంకె సాలుకు సగటున 600 మిల్లీమీటర్ల ప్రాంతము. 2016 అక్టోబరులో ఆ జిల్లాను విభజించి నాగరకర్నూలు జిల్లా నేర్పఱచినప్పుడు అచ్చంపేట క్రొత్త జిల్లాలో చేరినది. జిల్లా పేరు మాఱినది గాని మేఘము మాఱలేదు. కురిసిన వానను ఆ సగటుతో పోల్చి, నూటికి పందొమ్మిది పాళ్లు హెచ్చైనను తగ్గైనను "సామాన్యము" అని వ్రాయుట వాతావరణశాఖవారి సంప్రదాయము. ఆ యొక్క మాటక్రింద ఎన్ని మోడువాఱిన చేలు, ఎన్ని తెగిన కట్టలు అణగియుండునో పట్టిక చెప్పదు. మేమీ వారము ఆ "సామాన్యము"ను గూర్చియే వ్రాయదలచితిమి.

అచ్చంపేట నల్లమల వాకిట నున్న ఊరు. ఒకవైపున అమరాబాదు గుట్టలు గోడవలె లేచియుండును. మఱియొకవైపున డిండి వాగు పాఱు ఎఱ్ఱచెల్కల మైదానము. ఈ సీమలో సంవత్సరము వాన లేకయే ప్రారంభమగును. జనవరి మొదలు మార్చి వఱకు చినుకు రాలుట అరుదు. చైత్రవైశాఖములలో ఎండ ముదిరిన సాయంకాలములందు ఈదురుగాలితో ఒకటిరెండు వానలు వచ్చును. అవి మామిడికాయలను రాల్చును, ఒక్కొక్కప్పుడు పిడుగుపాటున పసులను చంపును, దుక్కికి కొంత పదును నిచ్చును. చెఱువున చేరు నీరు మాత్రము వానిలో నుండదు. రోహిణి వెడలి, జూన్ 7వ తేదీననో 8వ తేదీననో మృగశిర ప్రవేశించును. పదునాలుగు దినములకు ఆరుద్ర. రైతు గింజను మంటిలో వేయునది ఈ రెండు కార్తెల నమ్మికమీదనే. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదని మన పెద్దలనిన మాట యూరక పుట్టలేదు. జూలైలో పునర్వసు, పుష్యమి, ఆగస్టులో ఆశ్లేష, మఖ, అటుపిమ్మట పుబ్బ, ఉత్తర. సాలు మొత్తపు వానలో ఇంచుమించు ముప్పాతిక భాగము ఈ నాలుగు మాసములలోనే నైరృతి ఋతుపవనమువలన కురియవలెను. మిగిలినదానిలో హెచ్చుభాగము హస్త, చిత్త, స్వాతి కార్తెలలో బంగాళాఖాతపు వాయుగుండముల దయ. విశాఖ గడచినపిమ్మట ఆకాశము తలుపు మూసికొనును.

వాన పడిన దినము లెన్ని? వాతావరణశాఖవారు 2.5 మిల్లీమీటర్లుగాని అంతకు మించిగాని కురిసిన దినమునే వానదిన మందురు. ఆ లెక్కను ఈ సీమలో వానదినములు ఏటికి ఏబదికి మించవు. మూడువందల దినములకు పైగా ఎండియుండి, ఏబది దినములలోపల సంవత్సరపు తిండి, సంవత్సరపు త్రాగునీరు, పసుల మేత సంపాదించుకొనవలసిన దేశమిది. ఆ దినములును వరుసగా రావు. అవి యెప్పుడు వచ్చినవి, ఎంత యెడము పెట్టి వచ్చినవి యనునదే రైతు ప్రాణము.

ఇంత స్వల్పముగా కురియుటకు కారణము దూరమున నున్నది. అరేబియా సముద్రమునుండి వచ్చు తడిగాలి సహ్యాద్రిని ఎక్కునప్పుడు తన బరువును అక్కడనే దింపుకొనును. మహాబలేశ్వరమున సాలుకు 5,000 మిల్లీమీటర్లకు పైగా కురియును. కొండ దాటి వచ్చిన గాలి మనకు మిగిల్చునది శేషము. కాని ఆ మహాబలేశ్వరమునందే కృష్ణ పుట్టినది. సహ్యాద్రిమీద కురిసిన వాన నదియై, దక్కను పీఠభూమినంతయు దాటి, మన నల్లమల లోయలో అడుగున పాఱుచున్నది. పైనున్న చెంచుపెంటలో కుండ వట్టిపోయినను, ఎండిన చెల్కనుండి చూచువాడు ఇది యెవరి వాన యని నిట్టూర్చినను, ఆ నది ఆగదు. ఈ నీటిని పైకి తెచ్చుటకు కొల్లాపురము చెంత మహాత్మాగాంధి కల్వకుర్తి ఎత్తిపోతల పథకము మూడు మెట్లలో నీరు ఎత్తుచున్నది. దానిని గూర్చి మఱియొకప్పుడు వ్రాయుదుము. నేటి మా విషయము మన నెత్తిమీద కురిసిన వాన.

వానకు కొఱతలేని నగరముల మాటయేమి? సింగపూరులో తెలుగువారు తరతరములుగా నున్నారు. ఆ ద్వీపనగరమున సాలుకు 2,100 మిల్లీమీటర్ల ప్రాంతము కురియును. వాన లేని మాస మక్కడ లేదు. మిక్కిలి తక్కువ కురియు ఫిబ్రవరిలోగూడ సగటున 100 మిల్లీమీటర్లు పడును. మనకు పుష్యమి కార్తెలో అంత పడినచో పండుగ చేసికొందుము. అట్టి నగరము నీటికి నిశ్చింతగా నుండవలెను గదా! లేదు. నిలువ చేసికొను చోటు చిన్నదై, చిరకాలము పొరుగుదేశపు నీటిమీద ఆధారపడి, ఆ పరాధీనత దుర్భరమని తెలిసికొని, వీథికాలువలో పాఱు వానను సైతము జలాశయములకు మళ్లించినారు. నేడక్కడ 17 జలాశయములున్నవి, భూభాగములో మూడింట రెండు వంతులు వాటికి పరీవాహకమే. 2008లో నగరము నడుమనే సముద్రపు మొగను అడ్డకట్టతో మూసి మంచినీటి చెఱువుగా చేసిరి. ప్రతి మాసము కురియు చోట ఇంత జాగ్రత్త! నాలుగు మాసములు కురియు చోట మనమేమి చేయుచున్నాము?

ఇంకొక తెలుగువారి పురాతన ప్రవాసము రంగూను. ఉత్తరాంధ్రనుండియు గోదావరి జిల్లాలనుండియు కూలికై వెళ్లినవారు ఆ రేవున మూటలు మోసిరి, మిల్లులలో పనిచేసిరి. అక్కడ వాన మనకు నాలుగింతలు మించును. అయినను వానకాలపు నడక మనదే. మే చివరనుండి అక్టోబరు వఱకు కుంభవృష్టి, పిదప నెలల తరబడి ఎండ. అంత వాన కురిసినను ఎండకాలమునకు నీటి నిలువ కావలసినదే. చిరపుంజి కథ యందఱు నెఱిగినదే. లోకములో మిక్కిలి హెచ్చుగా తడియు చోట్లలో ఒకటైన ఆ కొండమీద చలికాలమున ఆడువారు నీటికై దూరము నడతురు.

మొత్తముకంటె పంపకము ముఖ్యమనునది క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో కోష్ఠాగారమునందు మూరెడు మూతిగల కుండను వర్షమానముగా నుంచవలెనని విధి యున్నది. ఏ దేశమునకు ఎన్ని ద్రోణముల వాన సరిపడునో ఆ గ్రంథమే చెప్పుచున్నది. మెట్టదేశమునకు 16, నీరుపట్టు దేశమునకు 24, అశ్మకమునకు 13½. అశ్మకము మన బోధను ప్రాంతమని చరిత్రకారుల యభిప్రాయము. కనుక ఆ పదమూడున్నర మన తెలంగాణమునకు దొరకిన మొదటి వానలెక్క యనవచ్చును. అంతకంటె గొప్పమాట దాని తరువాత నున్నది. వానకాలపు మొదటి మాసమునను కడపటి మాసమునను కలిపి మూడవ వంతు, నడిమి రెండు మాసములలో రెండు వంతులు కురిసిననే అది చక్కని వాన యట. రెండువేల యేండ్లనాటి ఆ లెక్క మంచిదో చెడ్డదో వ్యవసాయశాస్త్రజ్ఞులు తేల్తురు. రాజ్యమనునది వాన మొత్తమును మాత్రమే గాక దాని నడకనుగూడ కొలువవలెనను బుద్ధి అప్పటికే యుండెను గదా!

2009వ సంవత్సరమును పాఠకులు మఱచియుండరు. దేశమంతట నైరృతి ఋతుపవనము విఫలమై, వాన నూటికి 22 పాళ్లు తక్కువపడినది. ఎండిన చేలను చూచి ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కఱవు మండలములను ప్రకటించినది. సెప్టెంబరు ముగియునంతలో వాయుగుండము వచ్చి కృష్ణా తుంగభద్రల పరీవాహకముమీద విరుచుకొనిపడినది. అక్టోబరు 2వ తేదీన కర్నూలు మునిగినది, మంత్రాలయము మునిగినది, మన పాలమూరు జిల్లాలోని అలంపురము మునిగినది. శ్రీశైలము జలాశయమునకు కనివిని యెఱుగని రీతిని 25 లక్షల క్యూసెక్కుల వఱకు వరద వచ్చినది. ఒక్క వానకాలములోనే కఱవు, ఆ వెంటనే జలప్రళయము! ఆ రెంటిని కలిపి సగటు తీసినవానికి ఆ సంవత్సరము ఎట్లు కనబడునో ఊహింపుడు. ఎండి చచ్చిన పైరు అక్టోబరు వానకు లేవదు. ప్రభుత్వపు పట్టికలో మాత్రము లేచి కూర్చుండును.

నడిమి యెడమును రైతులు "బెట్ట" యందురు. ఎఱ్ఱచెల్క లోతులేని నేల, నీటిని పట్టియుంచదు. జడివానకు పైపొర పెట్టుకట్టి, నీరు లోని కింకక జాఱిపోవును. విత్తిన పదునైదు దినములకు వాన తప్పిన మొలక మాడును, విత్తనపుఖర్చు రెండవసారి. పూతనాడు తప్పిన వేరుశనగకు ఊడ దిగదు. కాయ ఊరునాడు తప్పిన గుల్ల మిగులును. పూర్వము జొన్న, సజ్జ, ఆముదము వేసిన చెల్కలలో నేడు ప్రత్తి వేయుచున్నారు. జొన్న కొంత బెట్టకు ఓర్చుకొనును, ఇంటికి తిండి, పసులకు చొప్ప యిచ్చును. ప్రత్తికి పెట్టుబడి అప్పు, తిండికి రొక్కము. మేము ప్రత్తిని నిందించుట లేదు, రొక్కము కావలసినవాడు రొక్కపు పంట వేయును. అయితే నాలుగు వారముల బెట్ట నేడు చేయు నష్టము తాతలనాటి బెట్ట చేసిన నష్టమువంటిది కాదని ఎఱుగవలెను.

ఈ సంగతిని భీమావ్యాపారులు ప్రభుత్వముకంటె ముందు గ్రహించిరి. 2003లో, దేశములోనే మొదటి పర్యాయము, వాన కొలతనుబట్టి పరిహార మిచ్చు భీమాను పెట్టినది మన పాలమూరు జిల్లాలోనే. వేరుశనగ, ఆముదము పండించు కొలదిమంది రైతులతో అది మొదలయ్యెను. మొదటి యేడు ఋతువు మొత్తముమీద ఒక సూచిక కట్టిరి. ఆ పద్ధతి తమ కష్టమునకు సరిపోదని రైతులు చెప్పగా, మఱుసటి యేట పైరు ఎదుగుట, పూత, కాయ ముదురుట యని కాలమును మూడు భాగములు చేసి, దేని కొఱతకు దానికే లెక్క కట్టిరి. అక్షరములు రాని రైతు ఒక్క సంవత్సరములో గణితజ్ఞులకు నేర్పిన పాఠమిది. అయినను కొలతపాత్ర తమ చేనికి దూరముగా నున్నప్పుడు పాత్రలో పడిన వాన తమ చేనిలో పడినట్లే వ్రాయబడునను చిక్కు తీఱలేదు. ఎద్దు కొమ్ముమీద వాన యనుట ఈ సీమలో అతిశయోక్తి కాదు. ఒక కొమ్ము తడియును, ఒక కొమ్ము ఎండును.

ప్రభుత్వమువారి కఱవు నిబంధనలలోగూడ ఇప్పుడు బెట్టకు చోటున్నది. 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన కఱవు నిర్వహణ సంపుటమున, ఋతుపవనము వచ్చినపిమ్మట వరుసగా మూడు నాలుగు వారములు సామాన్యములో సగమైనను కురియకున్న దానిని గణింపవలెనని యున్నది. నిబంధన మంచిదే. కాని లెక్క మండలమునకు. మండలములో ఇరువది ముప్పది యూళ్లు. ఒక యూరి గట్టుమీద కురిసిన వాన పండ్రెండు క్రోసుల దూరపు చేనికి ఋణము తీర్చునా?

ఇక రెండవ వైపు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురము ప్రాంతమున తీరము దాటినది. మఱునాడు దాని మేఘము మన మీదికి వచ్చి నాగరకర్నూలు, నల్లగొండ జిల్లాలలో కుండపోతగా కురిసినది. డిండి పొంగి హైదరాబాదు శ్రీశైలము రహదారిని తెంపినది. ఏరదగిన ప్రత్తి చెట్టుననే నల్లబడినది, కోతకు వచ్చిన వరి నేలవాలినది. పట్టికలో ఆ దినము సాలు మొత్తమును పెంచిన శుభదినము! వాతావరణశాఖవారు ఒక్క దినమున 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీవర్ష మనియు, 115.6 దాటిన అతిభారీ యనియు, 204.5 దాటిన అత్యంత భారీ యనియు పేర్లు పెట్టినారు. పేర్లు పెట్టిన తరువాత ఆ నీటిని నిలుపు పని యెవరిది?

కొంచెము గణితము చేయుదము. ఒక చదరపు కిలోమీటరు నేలపై 100 మిల్లీమీటర్ల వాన కురిసినచో అది 10 కోట్ల లీటర్ల నీరు. ఒక ఎకరము చెల్కపై సాలుకు 600 మిల్లీమీటర్లు కురియుట యనగా 24 లక్షల లీటర్లు. దరిద్రుని చేనుమీదగూడ ఆకాశము ఇంత సొమ్ము వేయుచున్నది! అందులో కొంత ఆవిరియగును, కొంత పైరు త్రాగును, కొంత నేలలో దిగును, మిగిలినది వాగున పడి మనల విడిచిపోవును. ఈ మైదానము క్రింద గ్రానైటు ఱాయి. నీరు నిలుచుటకు పైన శిథిలమైన పొర, లోన పగుళ్లు దప్ప చోటు లేదు. బోరు లోతు తీసినకొలది దొరకునది నీరు గాదు, అప్పు. ఆ పగుళ్లను ఏటేట నింపునది చెఱువే.

మన పూర్వులు ఈ నేలకు తగిన యుపాయము కనిపెట్టిరి. ఒక చెఱువు అలుగు పాఱిన క్రింది చెఱువు నిండును, దాని అలుగు పాఱిన దాని క్రింది కుంట. వానను ఒక్కచోట పట్టక మెట్టుమెట్టునను ఆపిరి. తూము తెఱచుటకు, కట్టను కాచుటకు ఊరికొక నీరటికాడు. గొలుసులో ఒక కడియము తెగిన మిగిలినవన్నియు వట్టివే. 2015లో మిషన్ కాకతీయ పేర రాష్ట్రమందలి 46,000కు పైబడిన చెఱువులను బాగుచేయుటకు ప్రభుత్వము పూనుకొన్నది. ఒండ్రు తీసి చేలకు తోలిన రైతులకు లాభమైనది. ఆ పనిని మేము కొనియాడితిమి. కాని చెఱువు కడుపు లోతైనంతమాత్రమున నోరు తెఱచుకొనదు. కొండనుండి, వాగునుండి నీటిని చెఱువునకు తెచ్చు పిల్లకాలువలు చాలచోట్ల పూడిపోయినవి. కొన్ని దున్నబడి చేలయినవి, కొన్ని ఇండ్లస్థలములక్రింద పోయినవి, కొన్నింటికి అడ్డముగా రహదారులు వేసి చిన్న గొట్టము నొకదానిని పెట్టి చేతులు దులుపుకొనిరి. అట్టి చోట కుంభవృష్టినాడు నీరు చెఱువునకు పోక రహదారిని కోసికొనిపోవుటలో ఆశ్చర్యమేమి?

అడవి విషయము ఒక్కమాట. ఉమామహేశ్వరమున కొండఱాతినుండి ఎండకాలమున సైతము నీరు జాలువాఱుట యాత్రికులందఱు చూచినదే. అది దేవుని మహిమ యని భక్తులందురు. కాదనము. ఆ మహిమ నిలుచుటకు పైని చెట్టు నిలువవలెను. వానను చినుకు చినుకుగా దింపి, ఆకుమంటిలో ఇంకించి, నెలల తరబడి విడుచు ఆ అడవికి అమరాబాదు పులుల యభయారణ్య మని పేరు. పులులకే కాదు, క్రింది చెఱువులకును అది అభయము.

ఆ యడవి క్రిందనే, దోమలపెంట వద్ద, శ్రీశైలపు నీటిని ఫ్లోరైడుచే పీడితమైన నల్లగొండ సీమకు తీసికొనిపోవుటకు నలువది కిలోమీటర్లకు మించిన సొరంగము త్రవ్వుచుండిరి. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి, దూరరాష్ట్రములనుండి వచ్చిన ఎనిమిదిమంది చిక్కుకొని ప్రాణములతో బయటికి రాలేదు. మన పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలకు మన్ను మోసి ప్రసిద్ధులైరి. మన నీటికొఱకు పరదేశపు కూలీలు మన కొండలో ప్రాణము విడిచిరి. వానలేని యూరినుండి వలసపోవుట, వానలేని యూరికి నీరు తెచ్చుటకై చచ్చుట, రెండును ఒక్క కఱవుయొక్క ముఖములే. నల్లగొండకు నది నీరు కావలసినదే, ఆ సొరంగము వలదని మేమనము. దూరపు నీటికి ఇంత మూల్యము చెల్లించు ప్రభుత్వము, వాకిట కురిసిన నీటికొఱకు పిల్లకాలువ పూడిక తీయించుటకు నిధులు లేవనుటను మాత్రము ఒప్పము.

చరిత్రలో ఒక దృష్టాంతము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచి వేలమందిని పొట్టబెట్టుకొన్నది. నాటి నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, వాన లెక్కలు, వాగుల లెక్కలు తీయించి, పైని రెండు పెద్ద జలాశయములు కట్టించినది. రాజధాని మునిగినందున వానకు లెక్క దొరకినది. అచ్చంపేట బెట్టకు నగరమున ఎవరి యిల్లును మునుగదు, కనుక దానికి లెక్క దొరకుట కష్టము.

లెక్క లేదని మేమనుట లేదు. రాష్ట్ర ప్రణాళికాసంస్థవారు వేయికి పైగా స్వయంచాలక వాతావరణ కేంద్రములను నెలకొల్పి ప్రతి మండలమునను వాన కొలుచుచున్నారు. ఏ దినమున ఏ మండలమున ఎంత కురిసినదో రాజధానిలోని యుద్యోగి కూర్చున్నచోటనే చూడగలడు. ఆ లెక్క ఎవని చేనిదో వాడు మాత్రము చూడలేదు. పంచాయితీ కచ్చేరి గోడమీద ఒక నల్లబల్ల వ్రేలాడదీసి, ప్రతి దినము ఉదయము 8.30 గంటల కొలతను తెలుగు అంకెలలో పెద్దగా వ్రాయుటకు ఏమి ఖర్చగును? దానిప్రక్కనే ఆ వారమునకు కురియవలసినదెంతో వ్రాయవలెను. ఊరికొక సాదా వానకొలత పాత్ర నిచ్చి బడిపిల్లలచేత, ఉపాధ్యాయుని కనుసన్నలలో, లెక్క పెట్టించిన మఱియు మేలు. మూడు వారములు వరుసగా బల్లమీద సున్నలు నిలిచినప్పుడు, తమ యూరు కఱవున నున్నదని చెప్పుటకు గ్రామస్థులు తహసీలుదారుని దయకై చేతులు కట్టుకొని నిలువనక్కఱలేదు. బల్లను చూపవచ్చును. నష్టపరిహారము, అప్పుల గడువు, త్రాగునీటి బండ్లు మండలపు సగటుమీదగాక ఆ బల్లమీది వారపు లెక్కమీద నిర్ణయింపబడవలెనని మా కోరిక. వాన సాలు మొత్తమును జనవరిలో ప్రకటించు ప్రభుత్వము, బెట్టను బెట్టనాడే ప్రకటింపవలెను.

కాలువల విషయమున అంతకంటె తొందర యున్నది. వచ్చు రోహిణికి ముందుగా ప్రతి గ్రామసభలో ఆ యూరి చెఱువునకు వచ్చు కాలువ లెన్ని, అవి యెక్కడ పూడినవి, ఎక్కడ ఆక్రమింపబడినవి అని పేరుపేరున చదివి వ్రాతపెట్టవలెను. ఆక్రమించినవాడు ఎంతటివాడైనను ఆ వ్రాతలో వాని పేరుండవలెను. ఉపాధిహామీ పనులక్రింద వేసవిలో కూలి కోరు చేతులు ఊరనే యున్నవి. ఒకవైపు పని లేక బస్సు ఎక్కుచున్న మనుష్యులు, ఒకవైపు పూడిన కాలువలు! ఈ రెంటిని కలుపు కాగితము ఏ బల్లక్రింద నిద్రించుచున్నదో జిల్లా యధికారులు వెదకి తీయుదురు గాక. మృగశిర ప్రవేశించిన తరువాత తీసిన కాగితము ఆ యేటికి పనికిరాదు.